వానకాలంలో విద్యుత్తు సైకిలుకు మడ్‌గార్డు: పాల సంఘాల కొరకు ఒక పాఠం

మృగశిర ప్రవేశించి రెండు వానలు పడగానే మన సంఘాలకు వచ్చే పాల క్యాన్ల రూపు మారిపోతుంది. అడుగు కట్టుకు ఎర్రమట్టో నల్లమట్టో పట్టి ఉంటుంది. మూత అంచున కూడా బురద చుక్కలు కనబడతాయి. పాలు కొలవడానికి ఆ క్యానును వంచినప్పుడు అంచు మీది బురద నీరు పాలలోనికి జారడానికి ఎంతసేపు పడుతుంది? వెనుకటి రోజులలో ఒక క్యాను చెడితే నష్టం ఆ ఒక్క క్యానుతో పోయేది. ఇప్పుడు పాలన్నీ బల్క్ కూలరులో కలుస్తున్నవి. కూలరు పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే గాని, లోనికి పోయిన మట్టిని బయటకు తీయజాలదు. కావున ఒకరి సైకిలు చిమ్మిన బురద ఊరందరి పాలకు అంటుకుంటుంది.

పాలు పోసే సభ్యులలో కొందరు ఇటీవల విద్యుత్తు సైకిళ్లు కొంటున్నారు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలకు మించకుండా, ఆ నమూనాకు ఆమోదం ఉంటే రిజిస్ట్రేషను అక్కరలేదు. పెట్రోలు ఖర్చు లేదు. మంచిదే. కాని మన పాత 28 అంగుళాల సైకిలుకు చక్రాన్ని బాగా కప్పే ఇనుప మడ్‌గార్డు కంపెనీ నుండే వచ్చేది. కొత్త సైకిళ్లు చాలావరకు కొండ దారుల సైకిళ్ల అచ్చులో చేసినవి. వీటికి మడ్‌గార్డు ఉండనే ఉండదు, లేదా తేలు తోకలాగ పైకి లేచిన జానెడు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. చూడటానికి సొగసుగా ఉంటుంది, పాలవారికి మాత్రం పనికిరాదు.

వేగం పెరిగిన కొద్దీ బురద ఎందుకు ఎక్కువ ఎగురుతుందో కాస్త లెక్క చూద్దాం. టైరుకు అంటిన నీరు చక్రం తిరిగే వేగంతోనే ఊడి ఎగురుతుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయే తొక్కుడు సైకిలు చక్రం నుండి నిలువుగా లేచిన చుక్క, గాలి అడ్డు లెక్కించకుంటే, అర మీటరు పైచిలుకు ఎత్తు పోగలదు. అదే 24 కిలోమీటర్ల వేగంలో రెండుంపావు మీటర్లు. వేగం రెండింతలైతే ఎత్తు నాలుగింతలు. పెడలు తొక్కే రోజులలో క్యాను అడుగుకు తగిలిన బురద ఇప్పుడు మూతను ఎందుకు చేరుతున్నదో దీనినిబట్టి తెలుస్తుంది.

ఇక కొలతలు. టైరు పక్కన 26 x 2.10 అని అచ్చు వేసి ఉంటే ఆ రెండో అంకె వెడల్పు. అంటే సుమారు 53 మిల్లీమీటర్లు. మడ్‌గార్డు దానికంటె కనీసం 10 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండవలెను. దుకాణంలో 'అన్నింటికీ సరిపోతుంది' అని ఇచ్చేదానిని నమ్మక, స్కేలు పెట్టి చూసుకోండి. టైరుకు, గార్డుకు మధ్య ఎంత సందు ఉండాలనేది మాత్రం దారినిబట్టి ఉంటుంది. ఆర్మూరులో 44వ, 63వ జాతీయ రహదారులు కలుస్తాయి. ఆ తారు రోడ్ల మీదనే తిరిగేవారికి వేలు మందం సందు చాలు. పసుపు మళ్ల గట్ల వెంట, రేగడి బాటలలో వచ్చేవారికి రెండు వేళ్లు పట్టేంత ఉండవలెను. రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటి, గార్డు లోపల ముద్ద కట్టి, చివరకు చక్రాన్నే పట్టేస్తుంది. వెనుక చక్రం పడితే మోటారు మూలిగి ఆగుతుంది. ముందు చక్రం పడితే మనిషి హ్యాండిలు మీదుగా పడతాడు, వెనుక క్యాను బరువు కూడా తోడవుతుంది. అందుచేత రేగడి దారివారు కొంత చిందు తగిలినా సరే, ఎక్కువ సందుకే మొగ్గు చూపడం మంచిదని నా అభిప్రాయం.

ముందు గార్డు ముఖానికి అడ్డమని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని చక్రం వెనుక కింది భాగాన ఉన్నది. అక్కడి నుండి లేచిన నీరు నేరుగా పెడలు ఇరుసును, దాని దగ్గరి తీగలను, ఫ్రేము కింది గొట్టానికి బిగించిన బ్యాటరీని కొడుతుంది. కనుక ముందు గార్డు వెనుకవైపు బాగా కిందికి దిగి, దాని చివర రబ్బరు ముక్క ఉండవలెను. పాత లారీ ట్యూబు కత్తిరించి రెండు బోల్టులతో బిగిస్తే సరి. నేలకు బెత్తెడు ఎత్తున ఆగాలి. అంతకు దిగితే గతుకులలో రాసుకొని చినుగుతుంది. ముందు ఫోర్కుకు స్ప్రింగు ఉన్న సైకిలైతే గార్డు ఊచలను చక్రంతో పాటు కదిలే కింది భాగానికే బిగించండి. పై భాగానికి బిగిస్తే గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి లేచి గార్డును కొడుతుంది.

వెనుక చక్రం మధ్యలో మోటారు ఉన్న సైకిళ్లకు ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత అలవాటుగా కొందరు మెకానిక్కులు గార్డు ఊచను ఇరుసు నట్టు కిందనే దూర్చి బిగిస్తారు. ఆ ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే ప్రత్యేక వాషరు అక్కడ ఉంటుంది. దాని అమరిక చెడితే ఇరుసే తిరిగి, మోటారు తీగ మెలిపడి తెగుతుంది. ఊచకు ఫ్రేము మీద వేరే రంధ్రం వెతకండి, లేకుంటే రబ్బరు పొదిగిన క్లిప్పు వాడండి. బ్యాటరీ పెట్టెకు రంధ్రం వేయడం ఎట్టి పరిస్థితిలోను కూడదు.

తీగలు గార్డు అంచుకు రాసుకోకూడదు. మోటారు తీగను కొంచెం కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పి కనెక్టరుకు చేర్చితే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 'వాటర్‌ప్రూఫ్' అనే మాటకంటె దాని మీది ఐపీ అంకె చూడండి. రెండవ అంకె 4 అయితే చిందులను తట్టుకుంటుంది, 5 అయితే పైపు ధారను. 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకుంటుంది. కొత్తగా ఉన్నప్పటి పరీక్ష ఇది. నాలుగేళ్లు ఎండిన రబ్బరు సీలుకు వర్తించదు.

ఇనుము గట్టిది, తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, గతుకులకు బోల్టు దగ్గర చిట్లుతుంది. మందమైన ప్లాస్టిక్ వంగి మళ్లీ నిలబడుతుంది గనుక మన దారులకు అదే మేలు. గార్డు ఏదైనా క్యాను బరువు దాని మీద పడరాదు. చాలా క్యారియర్ల మీద 25 కిలోలనే రాసి ఉంటుంది. 20 లీటర్ల పాలే 20 కిలోలు దాటుతాయి, క్యాను బరువు వేరు.

సంఘం తరఫున పది జతలు కొనదలచితే మొదట ఒక జతే తెప్పించి పరీక్షించండి. ఖాళీ క్యాన్లకు, ఫ్రేముకు పాత వార్తాపత్రికలు చుట్టి, తడిసిన బాట మీద రోజూ పోయే వేగంతో పావు కిలోమీటరు తోలి రండి. చుక్కలు పడ్డచోట గార్డు చాలలేదన్నమాట. మేము సహకార డిప్లొమా చదివినప్పుడు ఈ ఆడిట్ పద్ధతి ఎవరూ చెప్పలేదు గాని, పద్దు పుస్తకాల కంటె ఇది త్వరగా నిజం చెబుతుంది.

పాలు దించిన వెంటనే, మట్టి ఎండకముందే, గార్డు లోపల వెదురు పుల్లతో గీకి చెంబెడు నీళ్లు పోయండి. బండ్లు కడిగే పంపు ధార మాత్రం మోటారు మీద పెట్టవద్దు. వారానికొకసారి ఊచల నట్లు బిగించి చూడండి. వదులైన ఊచ చక్రం కమ్మీలలో దూరుతుంది.