సగటు లెక్క, మా నాన్న లెక్క

మారేడ్‌పల్లిలో గది తీసుకుని బి.యస్సీ. చదువుతున్న నాకు చదరంగం పిచ్చి. విదేశంలో పెద్ద పోటీకి వెళ్దామా అనిపించి స్టాటిస్టిక్స్ నోట్సు తీశాను.

2014లో లాస్ వేగాస్‌లో జరిగిన మిలియనేర్ చెస్ పోటీనే తీసుకోండి. ప్రవేశ రుసుము 1,000 డాలర్లు. హామీ ఇచ్చిన బహుమతులు మొత్తం 10 లక్షల డాలర్లు. వెయ్యిమంది వస్తే కట్టిందీ పంచిందీ సమానం. అంతమంది రాలేదు. అంటే తలసరి సగటున, కట్టినదానికన్నా ఎక్కువే తిరిగొచ్చినట్టు! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయితే అందులో లక్ష డాలర్లు, అంటే పదోవంతు, విజేత వెస్లీ సో ఒక్కడిదే. సగటును పైకి లాగేది అలాంటి ఒకరిద్దరే. విమానం, హోటలు, రాకపోయినా తిరిగివ్వని వీసా ఫీజు ఈ లెక్కలో లేనేలేవు.

పత్తి మీద అప్పు తెస్తానన్న నాన్నకు ఫోనులో ఇదంతా చెప్పాను.

"పదేండ్ల వాన సగటు మంచిగుందని ఈ యేడు విత్తనమేస్తే మొలుస్తదా బిడ్డా? ఓడొస్తే మళ్ల ఆడనీకి పైసలుంటయా?"

మా సిలబస్‌లో విస్తృతి అనే పాఠం ఇదే. పరీక్షలో నాకు అర్థంకాక వదిలేసిన ప్రశ్న కూడా.

ప్రస్తుతానికి జంటనగరాల పోటీకే పేరిచ్చాను. ఫీజు, బస్సు చార్జీ, టీ డబ్బులు నావే.