ఊడిన పన్నును పాలలో వేసి తీసుకురండి

బడిలో ఖోఖో ఆడుతూ బండ మీద పడినా, మోటారు సైకిలు జారినా ఎక్కువగా దెబ్బ తగిలేది పైవరుస ముందు పళ్ళకే. పన్ను వేరుతో సహా ఊడితే చాలామంది దాన్ని అక్కడే వదిలేసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని ఆసుపత్రికి వస్తారు. కొందరు కాగితంలో చుట్టి జేబులో వేసుకొస్తారు. రెండూ నష్టమే. శాశ్వత పన్నును సకాలంలో దాని గుంతలోనే తిరిగి పెడితే అతుక్కునే అవకాశం ఉంది.

టమోటా నారు సంగతి మీకు తెలియనిది కాదు. పీకి ఎండలో పడేసిన నారును సాయంత్రం నాటి ఎన్ని నీళ్ళు పోసినా బ్రతకదు. తడిగుడ్డలో చుట్టి తెచ్చినది బ్రతుకుతుంది. పంటి వేరు చుట్టూ కూడా ప్రాణమున్న పలుచని పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. గాలికి ఆరితే అరగంటలోనే అందులోని కణాలు చాలావరకు చనిపోతాయి. గంట దాటితే ఇక ఆశ తక్కువ. రాయదుర్గం నుండి అనంతపురానికి బస్సు ప్రయాణమే గంటన్నర దాటుతుంది. అందుకే దారిలో పన్నును ఎలా ఉంచారన్నది అంత ముఖ్యం.

పన్నును తెల్లగా కనిపించే పైభాగం దగ్గర మాత్రమే పట్టుకోండి, వేరును తాకవద్దు. మట్టి అంటితే పాలతో గాని, చల్లని నీళ్ళతో గాని కొన్ని క్షణాలు తొలపండి. రుద్దకూడదు. మన జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ వల్ల చాలామంది పళ్ళకు గోధుమరంగు మచ్చలుంటాయి. అది మురికి అనుకొని గీకే తల్లులున్నారు. బూడిద, పసుపు, స్పిరిట్ ఏవీ వద్దు.

పెద్దవారైతే, స్పృహలో ఉంటే, పన్నును సరిగ్గా తిప్పి గుంతలో మెల్లగా నెట్టి, శుభ్రమైన గుడ్డను పళ్ళతో కరిచి పట్టి రావడం అన్నిటికన్నా మేలు. ధైర్యం చాలకపోతే మూతగల చిన్న డబ్బాలో పాలు పోసి పన్ను మునిగేలా ఉంచండి. పాకెట్ పాలైనా, కాచి చల్లార్చినవైనా సరే. వేడి పాలు, చక్కెర కలిపినవి, పెరుగు, మజ్జిగ పనికిరావు. పాలలోని లవణాలు మన శరీర ద్రవాలకు దగ్గరగా ఉంటాయి కనుక కణాలు కొన్ని గంటలు నిలుస్తాయి. ఉత్త నీళ్ళలో అవి ఉబ్బి పగులుతాయి. పాలు దొరకకపోతే బిడ్డ చేత గిన్నెలో ఉమ్మి వేయించి అందులో పన్ను ఉంచండి. ఏదీ లేనప్పుడు నీళ్ళైనా సరే, పొడిగా ఉంచడం కన్నా నయం.

పాలపన్ను ఊడితే మిద్దె మీదికి విసరడం మన పల్లెల ఆచారం. తొమ్మిదేళ్ళు దాటిన పిల్లల ముందు పన్నుకు ఆ పని చేయకండి, అది మళ్ళీ మొలవదు. పాలపన్నును మాత్రం గుంతలో పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది. ఏదో తేలకపోతే పాలలో వేసి మాకు చూపండి.

పడినవారికి వాంతులు, మత్తు ఉంటే పన్ను కోసం ఆగకుండా ముందు తలకు వైద్యం చేయించండి. పన్ను ఎంత వెతికినా దొరకకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి. తిరిగి పెట్టిన పన్నును సన్నని తీగతో పక్క పళ్ళకు రెండు వారాలు కట్టి ఉంచుతారు. ఆ రోజుల్లో మెత్తని అన్నం, పలుచని సంగటి పెట్టండి. వేరు పూర్తిగా ఎదిగిన పన్నుకు ఆ రెండు వారాల్లోనే వేరు చికిత్స మొదలుపెట్టాలి. నొప్పి తగ్గిందని చాలామంది మానేసేది అప్పుడే.