తీసిన ముక్కను పారేయకు

చి. అమ్మడికి,

మొదటిసారి నీ చేత్తో నువ్వే అయోర్టా ఆపరేషన్ చేశానని ఫోన్‌లో చెప్పినప్పుడు నా కడుపు నిండిపోయింది. ఉబ్బిన భాగాన్నీ, వాల్వ్‌నూ తీసి డాక్రాన్ గొట్టం కుట్టావు, ఆ అరవయ్యేళ్లావిడ లేచి నడుస్తోంది. గోడ ముక్కను పాథాలజీకి పంపావా అని అడిగితే, "వాల్వ్ పంపాం పెదనాన్నా, గోడ మామూలుదే కదా" అన్నావు. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నా పేషెంటు ఒక పెద్దావిడ, ఎప్పటినుంచో బీపీ. ఛాతీలో అయోర్టా ఉబ్బితే అది బీపీ పనేనని తేల్చేశాను. ముక్క బకెట్‌లోకి పోయింది. కొన్నేళ్లకు ఆవిడ వెన్నునొప్పితో మళ్లీ వచ్చింది. ఈసారి వెన్నెముక పక్కన కిందికి దిగే అయోర్టా ఉబ్బింది. అప్పుడు తీసిన ముక్కలో పాథాలజిస్టు నాకు జెయింట్ సెల్స్, అంటే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఆనవాళ్లు, చూపించారు. మొదటి ముక్క పంపి, ఏటా స్కాన్ చేయించి ఉంటే ముందే పట్టుకునేవాళ్లం. ఆ తప్పు నాదే.

గోడలో వాపు ఉందో లేదో కంటికి తెలియదమ్మా. లోపలి పొర చెట్టు బెరడులా ముడతలు పడితే సిఫిలిస్ అని మా రోజుల్లో చెప్పేవాళ్లు. వేరే వాపుల్లోనూ అలాగే కనిపిస్తుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ బాగున్నాయని ధైర్యపడకు. అయోర్టాకే పరిమితమైన జబ్బులో అవి పెరగకపోవచ్చు. పైగా గుండె ఆపరేషన్ అయ్యాక సీఆర్‌పీ అందరికీ పెరుగుతుంది, అందుకే ఆ పరీక్షలకు రక్తం ఆపరేషన్‌కి ముందే తీయించు.

వయసులో ఉన్న ఆడపిల్ల వస్తే రెండు చేతుల నాడీ పట్టి చూడు, బీపీ రెండు వైపులా కొలువు. 1908లో జపాన్‌లో తకయాసు అనే కంటి డాక్టరు ఒక యువతి కంటిలోని రక్తనాళాలు చూసి మొదట చెప్పిన జబ్బు మన దగ్గరా కనిపిస్తుంది. నాడి దొరకని చెయ్యే దాని ఆనవాలు. వాపు రగులుతున్నప్పుడు కుట్లు వేస్తే ఆ గోడ సరిగ్గా పట్టదు, తర్వాత కుట్టు దగ్గరే కొత్త ఉబ్బు రావచ్చు. ప్రాణం మీదికి రాకపోతే ముందు మందులతో వాపు తగ్గించి, ఆ తర్వాతే కత్తి పట్టు.

రిపోర్టులో అయోర్టైటిస్ (అయోర్టా గోడ వాపు) అని రాగానే స్టెరాయిడ్లు రాసేయకు. సిఫిలిస్, క్షయ లేవని తేల్చుకో. క్షయ ఉండగా ఇస్తే అగ్నికి ఆజ్యం పోసినట్టే. రుమటాలజిస్టుతో కూర్చో. మెడ నుంచి పొత్తికడుపు దాకా అయోర్టా, దాని కొమ్మలూ స్కాన్‌లో చూడండి. వాపున్న చోటల్లా కోసేశామనే భ్రమ వద్దు, మిగిలిన గోడలో జబ్బు ఉండొచ్చు. అందుకే ఆ రోగులకు జీవితాంతం స్కాన్లు తప్పవు.

రేపు పొద్దున్నే పాథాలజీకి స్వయంగా వెళ్లు. వాల్వ్‌తో పాటు గోడ కొస ఏదైనా వచ్చిందేమో అడుగు. వచ్చి ఉంటే దాన్నీ చూడమను. లేకపోతే, మళ్లీ స్కాన్‌కి ఎప్పుడు రావాలో ఆవిడ డిశ్చార్జి కాగితం మీద తేదీతో సహా రాసి, కొడుకుని పిలిచి వివరంగా చెప్పు. ఆవిడ ఇంటికి వెళ్లేలోపే ఈ పని అయిపోవాలి తల్లీ.

ఇట్లు,
మీ పెదనాన్న