పక్కింటి చప్పుడు: గోడ ఉమ్మడిదైతే హక్కు ఎవరిది?

నూజివీడులో మామిడికాయ కోతకొచ్చిందంటే ఆవకాయ రోజులే. పక్కింట్లో కారం దంచుతుంటే ఉమ్మడి గోడ ఇవతల మన అలమరలో గిన్నెలు కదులుతాయి. నాలుగు రోజుల ఆ ముచ్చట మీద దావా వేస్తే ఏ జడ్జీ వినడు. అదే ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం పెట్టి, ఏడాది పొడవునా తెల్లవారుజామున నాలుగింటికే మిషన్ తిప్పితే మాత్రం వింటాడు.

చాలామంది ముందు డెసిబెల్స్ సంగతి ఎత్తుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. మైకులు, డీజేల మీద పోలీసులకు ఫిర్యాదు చేయడానికి ఇది బాగా పనికొస్తుంది. గోడలోంచి వచ్చే అదురు వేరు. వీధిలో మీటరు పెడితే అది తక్కువే చూపించవచ్చు, మీకు మాత్రం నిద్ర ఉండదు.

దీనికి పాత చట్టమే గట్టి ఆధారమని నా అభిప్రాయం. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదట అమలైన చోట్లలో మన మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. ఇతరులు చేసే చప్పుడు, అదురు వల్ల తన సుఖానికి అకారణంగా, గట్టిగా భంగం కలగకుండా ఉండే హక్కు ఇంటి యజమానికి ఉందని 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చెబుతోంది. అద్దెకున్నవారూ దావా వేయవచ్చు.

'మేం ఎప్పట్నుంచో దంచుతున్నాం, ఇప్పుడొచ్చిందా నీకు ఇబ్బంది?' అంటారు. 1879లో లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారీ ఇదే అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా అతను రోళ్లలో దంచుతున్నాడు. పక్కనున్న డాక్టరు అతని గోడకు ఆనించి రోగులను చూసే గది కట్టుకున్నాకే గొడవ మొదలైంది. గెలిచింది డాక్టరే. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడనక్కర్లేదు గానీ, వాదనకు బలం.

కోపంతో మీరూ గోడ బాదారో, కేసు తిరగబడుతుంది. 1893లో సంగీతం టీచరు మీద కసితో గోడ తట్టి, పళ్లేలు వాయించిన పొరుగాయన మీదే లండన్ కోర్టు, ఆ పని ఆపమని ఇంజంక్షన్ ఇచ్చింది.

తేదీ, వేళలు పుస్తకంలో రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. దావాకు ముందే మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు పెట్టండి. హెల్ప్‌లైన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. రాజీ కుదరకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయాలి.

రాజీ కాగితంలో 'పొద్దున్నే తిప్పం' అని వదిలేయకండి. ఏ గంట నుంచి ఏ గంట దాకా తిప్పుతారో, మిషన్ గోడకు ఎన్ని అడుగుల దూరం జరుపుతారో, దాని కింద మందపాటి రబ్బరు ఏ తేదీలోగా వేస్తారో అంకెల్లో రాయించండి.