జున్ను మంచం కింద ఎందుకు దూరింది?

స్వాతీ,

నిన్న రాత్రి ఫోన్లో ఒకపక్క నువ్వు ఏడుస్తూ, వెనకనించి మీ అత్తగారు ఇంకేదో చెబుతూ, మధ్యలో అల్లుడు గారు అందుకుంటూ ఉంటే నేను చెప్పిందాంట్లో సగం కూడా నీకు వినపడి ఉండదు. అందుకే కాగితం మీద పెట్టి ఫోటో తీసి పంపిస్తున్నాను. నా రాత చదవడం నీకు చిన్నప్పటినించీ అలవాటేగా.

ముందు బుజ్జిగాడి సంగతి. జున్ను మూతి విసిరినప్పుడు వాడి మణికట్టు మీద పన్ను గీరుకుని రక్తం చెమ్మగిల్లిందన్నావు. మన కుక్కే కదా, టీకాలన్నీ వేయించాం కదా అని ఊరుకోవద్దు. సబ్బు పెట్టి కుళాయి ధార కింద పావుగంట కడగమన్నాను, కడిగారా? పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. పొద్దున్నే నారాయణగూడలో టీకాలు వేసే ఐపీఎంకో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికో తీసుకెళ్లండి. రక్తం కనబడిన గాయం కాబట్టి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాల్సి రావచ్చు, అది డాక్టరు చూసి చెబుతారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం మీ అత్తగారి చిన్నతనం నాటిది. ఇప్పుడు చేతికే వేస్తారు. మొదటిది వేసిన రోజుని సున్నా కింద లెక్కపెట్టి మూడో రోజున, ఏడో రోజున మళ్లీ వెళ్లాలి. ఆ తర్వాతవి వాళ్లు చీటీ మీద రాసిస్తారు.

జున్నుని మాత్రం పది రోజులు కళ్లెదురుగా ఉంచుకోవాలి. రేబిస్ కుక్క ఉమ్ములోకి వైరస్ దిగేది, రోగం పైకి కనబడడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే. కాబట్టి కరిచిన పది రోజుల తర్వాత కూడా కుక్క శుభ్రంగా తిని తిరుగుతోందంటే, కరిచిననాడు దాని ఉమ్ములో ఆ వైరస్ లేనట్టే. ఆ లెక్క తేలేదాకా దాన్ని ఎవరికీ ఇచ్చెయ్యకూడదు. ఆదివారం తీసుకెళ్లి ఎవరిదో ఫామ్‌హౌస్‌లో దింపేసి వస్తానన్నారు కదా అల్లుడు గారు, మిగతా కారణాలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కదాని కోసమైనా ఆగమని చెప్పు.

జున్నుకి రేబిస్ అని నేను అనుకోవడం లేదు. ఏటేటా టీకా పడుతోంది, వీధి కుక్కలతో కాట్లాట లేదు. అయినా ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి ఒకటి చెప్పకుండా ఉండలేను. పిచ్చికుక్క అనగానే మనవాళ్లకి నురగలు కక్కుతూ వీధంతా పరిగెత్తి దొరికినవాణ్ణల్లా కరిచేదే కళ్లముందు కనబడుతుంది. మూగ రకం ఇంకొకటి ఉంది. కుక్క మూల నక్కుతుంది, మొరుగు బొంగురు పోతుంది, కింది దవడ వేలాడబడిపోతుంది, మింగలేక చొంగ కారుస్తుంది. పాపం గొంతులో ఎముక అడ్డుపడిందేమోనని ఇంటివాళ్లు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. పశువుల డాక్టరుగా నా సర్వీసంతా నన్ను భయపెట్టింది కరిచే కుక్కల కంటే ఈ ఎముక తీసే దయగల చేతులే. ఇంకోటి, నీళ్లంటే భయపడడం మనిషికి వచ్చే లక్షణం. నీళ్లు తాగుతోంది కదా, రేబిస్ కాదులే అనుకోవడం ఒట్టి భ్రమ.

ఇక జున్ను దగ్గరికి వద్దాం. నువ్వు చెప్పినవన్నీ రాసుకున్నాను. దుప్పటి లాక్కెళ్లి మంచం కింద కుప్ప పోసుకుంది. ఆ మూల పలకరాళ్లని గోళ్లతో గీకుతోంది. బుజ్జిగాడి గుడ్డ ఏనుగునీ, అల్లుడు గారి ఎడమకాలి చెప్పునీ నోట కరుచుకెళ్లి ముందుకాళ్ల మధ్య పెట్టుకుని నాకుతోంది. గిన్నెలో అన్నం సగం వదిలేస్తోంది. రాత్రిళ్లు సన్నగా మూలుగుతోంది. ఏనుగు కోసం బుజ్జిగాడు చెయ్యి పెట్టేసరికి గుర్రుమని మూతి విసిరింది. దీనికి మీ అత్తగారు ఇంట్లో ఏదో తిరుగుతోందన్నారు, అల్లుడు గారు తిండెక్కువై పొగరెక్కిందన్నారు, మీ కాంప్లెక్స్‌లో కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే కుర్రాడు అది మీ అందరికీ లీడర్ అయిపోదామని చూస్తోందన్నాడు. దీపావళి టపాసులకి బెదిరిందేమో అన్న నీ ఆలోచనే వాటన్నిటికంటే నయం. కానీ టపాసులకి జడిసిన కుక్క చెప్పుని నాకుతూ కూర్చోదు.

అందుకే నిన్ను అడిగాను, అది ఆఖరిసారి ఎప్పుడు ఎదకొచ్చిందని. కాసేపు లెక్కలు వేసుకుని వినాయక చవితి రోజుల్లో అన్నావు. ఇప్పుడు కార్తీకం సగానికొచ్చాం. రెండు నెలలు దాటింది.

ఆవుకి చూలు కట్టకపోతే ప్రొజెస్టెరాన్ పడిపోయి 21 రోజులకి మళ్లీ ఎదకొస్తుంది. కుక్క శరీరానికి ఆ తెలివిడి లేదు. మగకుక్క తాకినా తాకకపోయినా, ఎద వెళ్లాక దాని అండాశయాలు దాదాపు రెండు నెలలపాటు ప్రొజెస్టెరాన్ తయారుచేస్తూనే ఉంటాయి. కుక్క పిల్లల్ని మోసేదీ ఇంచుమించు 63 రోజులే. ఆ గడువు దగ్గరపడేసరికి ప్రొజెస్టెరాన్ దిగి, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ పైకి లేస్తుంది. కడుపులో ఏమీ లేకపోయినా ఒళ్లూ మనసూ పురిటికి సిద్ధమైపోతాయి. మంచం కింద దుప్పటి కుప్ప పురిటిగది. ఏనుగూ చెప్పూ దాని పిల్లలు. అల్లుడు గారు చీపురు చూపించి చెప్పు లాక్కున్నప్పుడు జున్ను లెక్క ప్రకారం ఎవరో వచ్చి పిల్లని ఎత్తుకుపోయారు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అన్న సామెత ప్రస్తుతం మీ ఇంట్లో బొత్తిగా పనికిరాదు.

ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో ఇది మామూలే. జబ్బు కూడా కాదు, చాలావాటికి రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. జున్ను నిద్రలో పక్కకి ఒరిగినప్పుడు పొట్ట కింద చన్నులు చూడు. ఉబ్బి ఉంటే, కొసన పాలచుక్క మెరిస్తే నా అనుమానం బలపడినట్టే. చూడడం వరకే. పిండొద్దు, కాపడం పెట్టొద్దు, నూనె రాయొద్దు. ముట్టుకున్నకొద్దీ పాలు ఊరుతూనే ఉంటాయి. అదే నాక్కుంటూ ఉంటే మెడకి ప్లాస్టిక్ గరాటు తగిలించమని డాక్టరునడుగు. ఏనుగుని దాని కాళ్ల మధ్యలోంచి లాక్కోకు. అల్లుడు గారు జున్నుని బయటికి తిప్పడానికి తీసుకెళ్లినప్పుడు నువ్వు ఒక్కొక్కటీ తీసి బీరువాలో దాచెయ్యి. పొద్దునా సాయంత్రం నడక పెంచండి. మరీ ఎక్కువగా ఉంటే ప్రొలాక్టిన్‌ని తగ్గించే కేబర్గోలిన్ మందు ఉంది, అది డాక్టరు తూకం చూసి ఇవ్వాల్సిందే.

ఇంత చెప్పాక కూడా డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లమంటున్నానంటే, సరిగ్గా ఇదే రోజుల్లో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ఎద వెళ్లిన నెలా రెండు నెలల్లో కొన్నిటికి గర్భసంచిలో చీము పడుతుంది. పయోమెట్రా అంటారు. అదీ మూల పడుకోవడం, తిండి మానడంతోనే మొదలవుతుంది. అందుకే జున్ను నీళ్ల గిన్నె మీద కన్నెయ్యి. రోజూ తాగేదానికి రెట్టింపు తాగుతోందా, మాటిమాటికీ ఒంటేలుకి పోతోందా, వాంతులున్నాయా, వెనకభాగంలో తడి, దుర్వాసన ఉన్నాయా? ఒక్కోసారి గర్భద్వారం మూసుకుపోయి చుక్క కూడా బయటికి రాదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది, అది మరీ ప్రమాదం. వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే పరిగెత్తాలి. ఏమీ కనబడకపోయినా రేపు ఒకసారి స్కాన్ తీయించు. మీ వాచ్‌మన్ దాన్ని కిందకి తిప్పేటప్పుడు ఏం జరిగిందో మనకేం తెలుసు, చూలు నిజమో ఉత్తుత్తిదో కూడా తేలిపోతుంది.

గుర్రుమన్నందుకు దాన్ని కొట్టారా అని అడిగితే నువ్వు జవాబు చెప్పలేదు. సరే. ఇకనించి కొట్టొద్దు. గుర్రు అనేది మనకి ముందుగా ఇచ్చే నోటీసు. కొట్టి కొట్టి దాన్ని మాన్పిస్తే, నోటీసు లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. ఏ సూచనా లేకుండా కరిచిందండీ డాక్టరు గారూ అని వచ్చినవాళ్లని కాస్త వెనక్కి వెళ్లి అడిగితే, గుర్రుమన్నప్పుడల్లా అది తన్నులు తిన్న కథ బయటపడేది. నిజానికి గుర్రు కంటే ముందే కుక్క చాలా చెబుతుంది. ముఖం పక్కకి తిప్పేస్తుంది, తిండి లేకుండానే పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, కంటికొసన తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఆఖరికి ఒళ్లు బిగబట్టి కదలకుండా ఉండిపోతుంది. మనం ఇవేవీ చూడం. చూడలేదు కాబట్టి హఠాత్తుగా మారిపోయింది అంటాం. బుజ్జిగాడికి ఇవి నేర్పు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, పెద్దవాళ్లకే కష్టం.

బాపట్ల వైపు పనిచేసేటప్పుడు ఒక మాస్టారు తన అల్సేషియన్‌ని తాళ్లతో కట్టించి తెచ్చారు. బంగారంలాంటి కుక్కట, వారం నించీ కూతురు మెడ కౌగిలించుకుంటే చాలు మీదకి వస్తోందట, మత్తు సూది వేసి పంపించెయ్యమని అడగడానికే వచ్చారు. మూతికి గుడ్డ కట్టించి కుడిచెవి ఎత్తి చూశాను. లోపల నల్లటి గులిమి, ముక్కు పగిలే వాసన, దానడుగున గడ్డిముల్లు ఒకటి విరిగి ఉంది. చెవి కడిగి మందులు వేశాక పాపతో మళ్లీ ఎప్పటిలాగే ఉంది. పాప కౌగిలించుకున్నప్పుడల్లా చెయ్యి తగిలింది ఆ చెవికే. నొప్పి ఉన్న కుక్క చాలాసార్లు మనిషిలా మూలగదు, పళ్లు చూపిస్తుంది. నడుము పట్టేసిన కుక్క ఎత్తుకోబోతే కరుస్తుంది, పన్ను పుచ్చిన కుక్క గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్లిపోతుంది, మనం అలిగిందంటాం. ఒంట్లో ఏమీ లేదని తేలాకే స్వభావం సంగతి మాట్లాడాలి. నా మటుకు నేను ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

ఈసారి కాకపోయినా మున్ముందు పనికొస్తాయని ఇంకొన్ని. పిడుదులు పట్టిన కుక్క ఉన్నట్టుండి నీరసపడి, చిగుళ్లు పాలిపోయి, ముక్కునించి రక్తం కారిందంటే అది టిక్ ఫీవరేమో చూడాలి, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనబడతాయి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు, థర్మామీటరు పెట్టాల్సిందే. దాని మామూలు వేడే 101 నించి 102.5 ఫారెన్‌హీట్. నీ చేతికి వెచ్చగా తగిలిందని క్రోసినో బ్రూఫెనో వేసేవు సుమా. మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీని, లివర్‌ని పాడుచేస్తాయి. లేని ఈగలని గాల్లో పట్టుకుంటున్నట్టు నోరాడిస్తే, నిన్నే గుర్తుపట్టనట్టు కాసేపు తచ్చాడితే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. అప్పుడు కంగారుపడకుండా ఫోన్లో వీడియో తియ్యి. డాక్టరు ముందుకొచ్చేసరికి ప్రతి కుక్కా బుద్ధిమంతురాలైపోతుంది, ఆ వీడియోయే మాకు సగం రోగం చెబుతుంది. ఇంకా పెద్దదయ్యాక జున్ను తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందులున్న వైపు వెళ్లి నిలబడినా, రాత్రంతా తిరిగి పగలంతా పడుకున్నా, అది ముసలితనపు మతిమరుపు కావచ్చు. దానికీ కొంత వైద్యం ఉంది.

మీ అత్తగారికి ఎదురు చెప్పకు. కుక్క గోడకేసి చూస్తే యమదూతలు కనబడ్డారనడం మన ఇళ్లల్లో ఎప్పటినించో ఉన్నదే. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకి 40,000 దాటినా వినపడుతుంది. ఏసీ వెనక బల్లి కదిలినా దానికి తెలుస్తుంది. ఆవిడకి నమ్మకం ఉంటే దిష్టి తియ్యనీ, జున్నుకి పోయేదేం లేదు. ఆ మిరపకాయల పొగ మాత్రం దాని ముక్కుకి దూరంగా పెట్టమని చెప్పు.

ఆపరేషన్ సంగతి. ఒక్కసారి పిల్లల్ని పెట్టనిస్తే ఇవన్నీ పోతాయని మీ పక్కింటావిడ అన్నదట. పోవు. వచ్చే ఎదకి మళ్లీ మామూలే, పైగా ఏడెనిమిది పిల్లలకి ఇళ్లు వెతుక్కుంటూ తిరగాలి. ఇంకా పిల్లలు వద్దనుకుంటే అండాశయాలతో సహా గర్భసంచి తీయించెయ్యడమే మంచిది, చీము భయం కూడా ఉండదు. కానీ ఇప్పుడే కాదు. పాలున్నప్పుడు కోస్తే ఈ అవస్థ ఒక్కోసారి నెలలతరబడి సాగుతుంది. పాలు పూర్తిగా ఆరాక, సంక్రాంతి వెళ్లనిచ్చి చేయించు. నారాయణగూడలో సర్కారు పశువుల ఆస్పత్రి ఉంది, లేదా నీకు నమ్మకమున్న క్లినిక్‌లోనైనా సరే.

రేపు స్కాన్‌కి వెళ్లేటప్పుడు టీకాల పుస్తకం, ఎద తేదీ రాసిన కాగితం పట్టుకెళ్లు. రిపోర్టు రాగానే ఫోటో పంపించు, రాత్రి పదకొండైనా చూస్తాను. బుజ్జిగాణ్ణి కుక్క గీరిన సంగతి మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. చెప్పావంటే చీర కూడా మార్చుకోకుండా బస్సెక్కేస్తుంది. ఏడో రోజు ఇంజక్షన్ అయ్యాక నేనే నెమ్మదిగా చెబుతాను.

ఇట్లు,
మామయ్య