మోటారు పక్కన పెట్టమ్మా

అమ్మడూ,

నువ్వు పంపిన డ్రాయింగులు, పరికరాల జాబితా అందాయి. బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో, గాయపడ్డ జవాన్ల నెత్తురాపే పరికరాలు చేయడమనే, ఎవరూ అంతగా ముట్టుకోని పని ఎంచుకున్నావు. మిలిటరీ ఆసుపత్రుల్లో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, నాకు అంతకంటే సంతోషం ఏముంటుంది? అయితే నెత్తురాపడానికి చేతికో కాలికో కట్టే, దానంతటదే బిగుసుకునే ఆ టోర్నికే, అందులో మోటారు, బ్యాటరీ, ఫోనుకి కబురు పంపే చిప్పు చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

అది వాడేదెవరో ముందు తేల్చుకో. సియాచిన్ లాంటి చోట, చీకట్లో, లావుపాటి గ్లవ్స్ వేసుకుని, ఒక చెయ్యి తెగి రెండో చేత్తో తన కట్టు తనే కట్టుకోవాల్సిన జవాను అనుకో. ఆ చలికి వాడికంటే ముందు బ్యాటరీ పోతుంది. పెద్ద ధమని తెగినవాడికి మిగిలేది నిమిషాలే. 2005 నుంచి అమెరికన్ సైనికులు జేబులో పెట్టుకు తిరిగే టోర్నికేలో ఏముందో విప్పి చూడు. ఒక పట్టీ, దాన్ని మెలిపెట్టడానికి ఒక పుల్ల, పుల్ల వెనక్కి తిరగకుండా ఓ కొక్కెం. 1718లోనే ఒక ఫ్రెంచి సర్జన్ మరతో బిగించే కట్టు చేశాడు. మూడొందల ఏళ్ల తర్వాత కూడా మనిషి మణికట్టు బలమే వాడుతున్నామంటే అది తెలివి తక్కువై కాదు.

కట్టు కడితే కాలు కుళ్లి తీసేయాల్సి వస్తుందన్న భయం మా తరం డాక్టర్లలో గట్టిగా ఉండేది. 2006లో బాగ్దాద్‌లోని అమెరికన్ మిలిటరీ ఆసుపత్రిలో క్రాగ్ అనే ఎముకల సర్జన్ లెక్కలు తీశాడు. నెత్తురు పోయి షాక్‌లోకి జారకముందే కట్టు పడ్డవాళ్లలో 90 శాతం బతికారు, జారాక పడ్డవాళ్లలో 10 శాతమే. కట్టు వల్లే కాలో చెయ్యో పోయినవాడు ఒక్కడూ లేడు. కట్టు ఎంత త్వరగా పడిందన్నదే ముఖ్యం. నువ్వు స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చోవలసింది ఇందుకే.

అసలు చిక్కు పట్టీ పట్టని చోట ఉంది: గజ్జలు, చంక, మెడ మొదలు. 1993లో మొగదిషు వీధుల్లో గజ్జల్లో ధమని తెగిన ఒక కుర్ర సైనికుణ్ణి పక్కనున్న మెడిక్ చేతులతో నొక్కి కూడా దక్కించుకోలేకపోయాడు. అలాంటి గాయంలోకి మందు పట్టించిన గాజుగుడ్డ కూరి, మూడు నిమిషాలు గట్టిగా అదమాలి. మొదట్లో పొడి చల్లేవారు. అది నెత్తురు తగలగానే వేడెక్కి ఒళ్లు కాల్చేది, గాలికి ఎగిరి కళ్లలో పడేది. ల్యాబులో గాలి వీచదు కదా! 2008 నుంచి దాని బదులు కేయోలిన్ అనే తెల్లమట్టి పట్టించిన గుడ్డ వచ్చింది.

మన దేశంలోనూ తయారయ్యే కైటోసాన్ పట్టీల సంగతి కూడా చూడు. రొయ్యల పెంకుల నుంచి తీస్తారు. భీమవరం చుట్టూ పెంకులకేం కొదవ! అది నెత్తుటి కణాలకి నేరుగా అంటుకుని గాయాన్ని మూస్తుంది, ఒంట్లో గడ్డకట్టే ఏర్పాటు మీద పెద్దగా ఆధారపడదు. చలిలో ఒళ్లు చల్లబడితే ఆ ఏర్పాటే మందగిస్తుంది. అందుకే నన్నడిగితే మనిషికి చుట్టే రేకు దుప్పటి కూడా నెత్తురాపే పరికరమే. నీ జాబితాలో అది లేదు.

నాకు బాగా నచ్చినది 2014లో అమెరికాలో అనుమతి పొందిన స్పాంజి సిరంజి. ఒక్కో సిరంజిలో 92 చిన్న బిళ్లలు. గాయంలోకి నెట్టగానే ఉబ్బి లోపలి నుంచి అదుముతాయి. ప్రతి బిళ్లకీ ఎక్స్‌రేలో కనబడే గుర్తుంది. తర్వాత ఆపరేషన్ బల్ల దగ్గర వాటిని ఏరి తీసే సర్జన్‌ని కూడా తలుచుకున్నాడు ఆ చేసినవాడు. ఇంజనీరంటే వాడమ్మా!

ఛాతీ, పొట్ట లోపలి రక్తస్రావం జోలికి ఇప్పుడే పోకు. బృహద్ధమనిలోకి బెలూను పంపి ఆపే పద్ధతి ఉంది, వినడానికి భలేగా ఉంటుంది. 2023లో బ్రిటన్ ట్రయల్ ఫలితం వచ్చాక ఆ హుషారు తగ్గింది. మామూలు వైద్యం కంటే మేలు కనబడలేదు సరికదా, కీడే చేస్తుందేమోనన్న అనుమానం మిగిలింది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. మాంసం కొట్లో మేక తొడ తెచ్చి, లోపల రబ్బరు గొట్టం పెట్టి, రంగునీళ్లు పంపు. చేతులకి నూనె రాసుకుని, లైటార్పి కట్టు. తర్వాత ఈ గొడవేమీ తెలియని మీ హాస్టల్ వాచ్‌మన్ చేతికిచ్చి నువ్వు నోరు మూసుకుని కూర్చో. అతను ఎక్కడ తడబడితే అక్కడ నీ డ్రాయింగు మార్చు. ప్యాకెట్టు చింపడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకో, ఎవరూ రాయరు. 108 అంబులెన్సు వాళ్లతో ఓ రాత్రి తిరగడానికి మీ ప్రొఫెసర్ గారి చేత లెటర్ రాయించుకో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మోటారు లేని నమూనా ఒకటి పట్రా. నా ఎడమచేతి మీద నువ్వే కడుదువుగాని. కీళ్లనొప్పులని మీ పెద్దమ్మ అడ్డుపడుతుంది, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న