అంతర్జాలంలో అక్షర నిక్షేపాలు

పాఠ్యభాగ ఉద్దేశం

వెబ్ పేజీలు నిర్మించేవారికీ, పాఠాలు బోధించేవారికీ అంతర్జాలంలో ఉచితంగా లభించే సాధనాలను పరిచయం చేయడం, వాటిని ఎంచుకోవడంలో పాటించవలసిన వివేకాన్ని విద్యార్థులకు అలవరచడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

వ్రాసినది చిరకాలం నిలవాలన్న కోరిక వ్రాత పుట్టిన నాటినుంచీ మానవునికి ఉన్నది. శాసనాన్ని రాతిపై చెక్కించిన రాజు కోరినదీ, తాటాకుపై గంటం నడిపిన లేఖకుడు కోరినదీ అదే. అయితే తాటాకుకు ఆయువు పరిమితం. తేమ, చెదలు, అగ్ని దానికి శత్రువులు. అందుచేత ప్రతి తరమూ పాత గ్రంథాన్ని కొత్త ఆకులపైకి ఎత్తి వ్రాసుకొంటూ వచ్చింది. ఎత్తి వ్రాసేవారు కరవైన గ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, వ్రాతప్రతులు సేకరించి, వాటికి శుద్ధప్రతులు వ్రాయించాడు. నాడు ఆయన ఆ శ్రమకు పూనుకోకపోతే ఎన్నో కావ్యాల పాఠాలు మనకు ఇంత సులభంగా దక్కేవి కావు.

నేడు తాటాకు స్థానాన్ని తెర ఆక్రమించింది. తెరపై వెలిగిన అక్షరం శాశ్వతమన్న భ్రమ చాలామందిలో ఉన్నది. నిజానికి దానికీ శత్రువులున్నారు. ఒక ఉదాహరణ ఊహించుకొందాం.

ఒక గ్రామంలోని ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులొకరు శతక వాఙ్మయంపై చక్కని పాఠం సిద్ధం చేశారు. అది తమ పాఠశాల గోడలు దాటి అందరికీ అందాలని వారి ఆశ. వారి వద్దనే చదువుకొని, పట్నంలో వెబ్ డిజైనర్‌గా స్థిరపడిన శిష్యుడు ఆ పనికి పూనుకొన్నాడు. పాఠాన్ని అందమైన అక్షరాలతో కూర్చి, దానిని ఒక చిత్రంగా మార్చి వెబ్ పేజీలో ఉంచాడు. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. కాని ఆ తరగతిలో చూపు లేని విద్యార్థిని ఒకతె ఉన్నది. తెరపై ఉన్నదానిని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆమెకు ఆధారం. ఆమె లేచి, "మాస్టారూ, నాకు పద్యం వినబడటం లేదండీ. 'చిత్రం' అన్న మాటొక్కటే వినబడుతున్నది" అన్నది. గురువుగారు శిష్యుణ్ణి పిలిచి, "నాయనా, పాఠం అందంగా ఉన్నది. కాని అందవలసిన వారికి అందలేదు" అన్నారు.

ఈ ఒక్క మాటలో వెబ్ పేజీ నిర్మాణానికీ, బోధనకూ సమానమైన పరమార్థమున్నది. ఆ గురుశిష్యులు తమ పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి నిర్మించాలంటే ఏయే సాధనాలు అవసరమవుతాయో క్రమంగా పరిశీలిద్దాం.

అక్షరం

మొదటి అవసరం అక్షరం. 1990వ దశకంలో తెలుగు అక్షరాల ఆకృతులను ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాలలో ఇమిడ్చి కంప్యూటర్లలో వాడేవారు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతిని అనుసరించేది. ఆ ఫాంట్ ఉన్న యంత్రంలో పాఠం తెలుగుగా కనిపించేది. లేని యంత్రంలో అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపుగా మారిపోయేది. వెదికితే మాట దొరికేది కాదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగని తెలిసేది కాదు. కంటికి తెలుగు, యంత్రానికి ఆంగ్లం!

ఈ చిక్కును విడదీసినది యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నింటిలోని ప్రతి వర్ణానికీ ఒక ప్రత్యేక సంఖ్యను కేటాయించడం దీని పద్ధతి. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలతో ఒక విభాగం ఏర్పడింది. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' అనే యూనికోడ్ తెలుగు ఫాంట్‌తో వచ్చింది. డాక్టర్ తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లను రూపొందించి ఉచితంగా అందించారు.

యూనికోడ్ పద్ధతి మన వ్యాకరణ సంప్రదాయానికి దగ్గరగా ఉండటం గమనింపదగినది. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం. యంత్రంలో అది సకారం, విరామం, తకారం, విరామం, రేఫ, ఈత్వం అని ఆరు సంకేతాలుగా నిలిచి ఉంటుంది. సంయుక్తాక్షరాన్ని విడదీసి వ్రాయడం నేర్చిన విద్యార్థికి ఇది కొత్త విషయం కాదు. అక్షరం ఆకృతి ఫాంట్‌ది, అక్షరం అస్తిత్వం సంకేతానిది. ఫాంట్ మారినా సంకేతం మారదు. పాఠం నిలిచేది ఈ సూత్రం మీదనే.

ఆకృతుల కోసం వెదకేవారికి గూగుల్ ఫాంట్స్ అనే భాండాగారం ఉన్నది. అందులో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అనే పేర్లతో తెలుగు ఫాంట్లున్నాయి. శ్రీకృష్ణదేవరాయల పేరుతోనూ ఒకటి ఉన్నది. భువనవిజయం మళ్ళీ కొలువుదీరినట్లే! గిడుగు, గురజాడ పేర్లు కూడా అక్కడ కనబడతాయి. వీటిని ఎవరైనా రుసుము లేకుండా వెబ్ పేజీలలో వాడుకోవచ్చు. పాఠకుని యంత్రంలో ఆ ఫాంట్ లేకపోయినా, పేజీతోపాటే అది అతనికి చేరే ఏర్పాటు ఉన్నది.

పదం, మూలపాఠం

అక్షరం కుదిరిన తరువాత పదం. పద్యంలోని పదానికి అర్థం సందేహమైనప్పుడు 'ఆంధ్రభారతి' వెబ్‌సైట్ ఉపకరిస్తుంది. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి పలు నిఘంటువులలో ఒకే పదాన్ని ఒక్కసారిగా అక్కడ వెదకవచ్చు. షికాగో విశ్వవిద్యాలయం నిర్వహించే దక్షిణాసియా నిఘంటువుల వెబ్‌సైట్‌లో బ్రౌన్ తెలుగు – ఇంగ్లీషు నిఘంటువు లభిస్తుంది. కడపలో పండితులతో కలసి శ్రమించిన వాని కృషి ఈనాడు సముద్రాలకు ఆవలనున్న కంప్యూటర్‌నుంచి మన గ్రామానికి తిరిగి రావడం విశేషం.

పాత ముద్రణలు చూడదలచినవారికి 1996లో అమెరికాలో స్థాపితమైన 'ఇంటర్నెట్ ఆర్కైవ్' ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు ఎన్నో అక్కడ లభిస్తాయి. అయితే స్కాన్ చేసిన పుట కూడా చిత్రమే. దానిని అక్షరబద్ధం చేసే పని తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్నారు. ఒకరు టైపు చేస్తారు, మరొకరు మూలంతో పోల్చి దిద్దుతారు. పూర్వం లేఖకుడూ, పరిష్కర్తా చేసిన పని ఇదే. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా కూడా ఇటువంటి సమష్టి కృషి ఫలమే. ఇందులోని విషయాన్ని ఉపాధ్యాయుడు యథాతథంగా గ్రహించక, ఇతర గ్రంథాలతో సరిచూచుకోవడం ఉచితం.

పేజీ నిర్మాణం

వెబ్ ఇంతగా విస్తరించడానికి ఒక ఔదార్యం మూలం. 1989లో టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో దీనిని ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ విజ్ఞానాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. 1994లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఏర్పడి, పేజీల నిర్మాణానికి ఉమ్మడి ప్రమాణాలను రూపొందిస్తూ వచ్చింది.

ఈ ప్రమాణాలను నేర్చుకోదలచినవారికి మొజిల్లా ఆధ్వర్యంలో 2005లో మొదలైన ఎమ్‌డీఎన్ ప్రామాణికమైన ఆధారం. 1998 నుంచి నడుస్తున్న డబ్ల్యు3 స్కూల్స్ చిన్నచిన్న ఉదాహరణలతో ప్రారంభకులకు సులభంగా ఉంటుంది. పేరులో పోలిక ఉన్నా దీనికీ, పైన పేర్కొన్న కన్సార్టియానికీ సంబంధం లేదు. నిర్మించిన పేజీలో దోషాలున్నాయేమో చూపే ఉచిత పరీక్షా సాధనాన్ని ఆ కన్సార్టియమే అందిస్తున్నది. వ్యాకరణ దోషాలను ఎత్తిచూపే గురువువంటిది అది.

తాళపత్రంపై పదాల నడుమ ఖాళీ ఉండేది కాదు. పదచ్ఛేదం చేసుకొనే భారం చదువరిదే. వెబ్ డిజైనర్ ఆ భారాన్ని తాను వహించాలి. శీర్షికను శీర్షికగా, పద్యాన్ని పద్యంగా, తాత్పర్యాన్ని తాత్పర్యంగా యంత్రానికి తెలిసేలా గుర్తించాలి. పేజీలోని భాష తెలుగని మొదటనే ప్రకటించాలి. ఆంగ్లానికి చాలిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. పైన గుడులు, క్రింద వత్తులు ఒకదానితో ఒకటి ఒరుసుకొంటాయి. కాబట్టి వరుసల మధ్య దూరం పెంచడం అవసరం.

అందరికీ అందుబాటు

ఆ విద్యార్థినికి పాఠం ఎందుకు అందలేదో ఇప్పుడు స్పష్టం. ఆమె వంటివారిని దృష్టిలో ఉంచుకొని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో తొలిసారిగా అందుబాటు మార్గదర్శకాలను ప్రకటించింది. 2008లో వెలువడిన రెండవ కూర్పు నాలుగు సూత్రాలను నిర్దేశించింది. విషయం గ్రహింపునకు అందాలి, వాడుకకు వీలుగా ఉండాలి, అర్థం కావాలి, వేర్వేరు సాధనాలలో చెడకుండా నిలవాలి. చిత్రమున్న చోట దానిని వర్ణించే మాటలు జోడించాలి. అక్షరపు రంగుకూ వెనుకనున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు డిజైనర్ కంటికి నాజూకుగా తోచవచ్చు. వృద్ధుల కంటికి అవి కనబడవు.

తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు దీనిని తీర్చిదిద్దారు. ఇది తెలుగునూ చదువుతుంది. డిజైనర్ తన పేజీని ముందుగా కళ్ళు మూసుకొని దీనితో వినడం ఉత్తమమైన పరీక్ష.

బోధనా సామగ్రి, అనుమతి

ఉపాధ్యాయులకు ఉపకరించే నిధులు మన దేశంలోనూ ఉన్నాయి. ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలసి రూపొందించిన ఎన్‌పీటీఈఎల్ ఉన్నత విద్యా ప్రసంగాలను అందిస్తున్నది. 2017లో ఆరంభమైన దీక్షా వేదికలో పాఠశాల పాఠాలకు సంబంధించిన సామగ్రి ఉన్నది. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్ ద్వారా దానిని చేరుకోవడం దీని సౌలభ్యం.

ఉచితంగా కనబడినదంతా వాడుకోదగినది కాదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రచయిత గతించిన తరువాత 60 సంవత్సరాల వరకు ఆయన ముద్రిత రచనపై హక్కు నిలిచి ఉంటుంది. ప్రాచీన పద్యంపై ఎవరికీ హక్కు లేదు. కాని దానికి ఆధునికులు వ్రాసిన వ్యాఖ్యానంపై ఉన్నది. తరగతిలో చదివి వినిపించడం వేరు, లోకమంతటికీ ప్రకటించడం వేరు. ఈ సందేహాన్ని తీర్చడానికి క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో కొన్ని అనుమతిపత్రాలను రూపొందించింది. పేరు చెప్పి వాడుకోవచ్చునా, మార్చవచ్చునా, వ్యాపారానికి వినియోగించవచ్చునా అన్నది రచయిత ముందే తెలుపుతాడు. ఆ షరతులను పాటించడం రచయితపట్ల కృతజ్ఞత.

నిలకడ

ఒకప్పుడు సామాన్యులు తమ సొంత వెబ్ పేజీలు నిర్మించుకొన్న జియోసిటీస్ సేవ అమెరికాలో 2009లో మూతపడింది. కదిలే బొమ్మలతో పాఠాలు చెప్పడానికి ఎందరో ఉపాధ్యాయులు నమ్ముకొన్న ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో దాని యజమాని సంస్థ మద్దతు నిలిపివేసింది. వెబ్ ఉమ్మడి ప్రమాణాలతో వ్రాసిన సాధారణ పేజీలు మాత్రం దశాబ్దాల తరువాత కూడా తెరచుకొంటున్నాయి. ఒక్క సంస్థ దయపై ఆధారపడిన దానికన్నా, ఉమ్మడి ప్రమాణాన్ని నమ్ముకొన్నది దీర్ఘాయువు. అయినా ఒక ప్రతి తన వద్ద, మరొకటి వేరొక చోట భద్రపరచడం వివేకం. ఎత్తి వ్రాసుకొనే ధర్మం తాటాకులతో అంతరించలేదు.

కాబట్టి ఏ సాధనాన్ని స్వీకరించే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది అందరికీ అందుతుందా? వాడుకొనడానికి అనుమతి ఉన్నదా? రేపటికి నిలుస్తుందా? మూడింటికీ అవునని సమాధానం వస్తే అది నిక్షేపం, లేకుంటే తాత్కాలికమైన తళుకు.

గురుశిష్యులు పాఠాన్ని యూనికోడ్ అక్షరాలతో మళ్ళీ కూర్చారని, చిత్రాలకు వర్ణనలు జోడించారని అనుకొందాం. అప్పుడు ఆ విద్యార్థిని చెవికి పద్యం చేరుతుంది. నశించనిది అని అక్షర శబ్దానికి అర్థం. ఆ అర్థాన్ని సార్థకం చేసేది యంత్రం కాదు. అది అందరికీ అందాలని తలచే మనస్సు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తాళపత్ర గ్రంథాల పరిరక్షణకూ, వెబ్ పేజీల పరిరక్షణకూ గల పోలికలను వివరించండి.
2. వెబ్ డిజైనర్లకూ, ఉపాధ్యాయులకూ ఉపకరించే సాధనాలను పాఠ్యభాగం ఆధారంగా తెలుపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. విద్యార్థినికి పాఠం ఎందుకు అందలేదు?
2. ప్రాచీన పద్యానికీ, ఆధునిక వ్యాఖ్యానానికీ హక్కుల విషయంలో గల భేదమేమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. యూనికోడ్ తొలి కూర్పు ఎప్పుడు వెలువడింది?
2. 'స్త్రీ' అనే అక్షరం యంత్రంలో ఎన్ని సంకేతాలుగా ఉంటుంది?
3. 'అక్షరం' అనే శబ్దానికి అర్థమేమి?